బోనులో అక్కాతమ్ముళ్ళు

కిందటి వారం అక్కని బోను గుమ్మంలో వదిలిపెట్టి వచ్చాం. ఆమె కోటు జేబులో భర్త తాళంచెవి ఉంది. ముందు తమ్ముడు నడుస్తున్నాడు. "ఇక్కడ వద్దక్కా, నలుగురూ వింటారు. లోపలికి రా, అంతా చెప్తాను" అన్నాడు. ఆమె నమ్మి గడప దాటింది. వెనక ఇనప తలుపు పడింది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆ గోదాములో భుజాల మీద సరుకు మోసే రోజులు ఎప్పుడో పోయాయి. లారీలోంచి దిగేవన్నీ ప్యాలెట్లే. అంటే చెక్క పలకల మీద అట్టపెట్టెలు మనిషెత్తున పేర్చి, ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టిన దిమ్మెలు. వాటిని విప్పి, ఏ పెట్టె ఏ దుకాణానికి పోవాలో చూసి, వేరే ప్యాలెట్ల మీద పేర్చే పని మరచేతులది. ఆ మరచేతికి పనివాళ్ళు పెట్టుకున్న పేరు ఏనుగు. దాని తొండం చివర రబ్బరు మూతులుంటాయి. వాటితో పెట్టెని పీల్చి పట్టుకుని పూలబుట్ట ఎత్తినంత తేలిగ్గా ఎత్తుతుంది. దాని చుట్టూ ఎత్తైన ఇనప వల కట్టారు. ఆ వల లోపలి జాగానే బోను. మావటివాడు లేని ఏనుగు కదా, బోనులో పెట్టక ఏం చేస్తారని అక్కడో పాత జోకు.

బోనులోకి మనిషి వెళ్ళాలంటే ఒక నియమం ఉంది. తలుపు పక్కన గోడకున్న పెట్టెలోంచి తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. తాళంచెవి మనిషి జేబులో ఉన్నంతసేపు ఏనుగు కదలదు. మళ్ళీ తెచ్చి పెట్టెలో దూర్చి తిప్పితేనే దానికి ప్రాణం వస్తుంది.

అక్క భర్త ఆ గోదాములో మేస్త్రీ. పోయిన ఎండాకాలం వంకరగా కూర్చున్న పెట్టెని సరిచెయ్యడానికి బోనులోకి వెళ్ళాడు. ఏనుగు కదిలింది. రంగుడబ్బాల ప్యాలెట్‌కీ ఇనప స్తంభానికీ మధ్య కుడికాలు నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు. "కీ తీసుకోవడం మరిచిపోయాను. తప్పు నాదే" అని ఆయనే నోటితో చెప్పాడు. కంపెనీ జాలిపడి, చిరిగిన పెట్టెలు ఏరే బల్ల దగ్గర అక్కకి పని ఇచ్చింది. యంత్రాల గదిలో కూర్చుని ఏనుగుల్ని నడిపే తమ్ముడి ఉద్యోగానికి ఏ ఢోకా రాలేదు. అంతా సర్దుకుందనుకుంటుండగా, ఆసుపత్రి నుంచి తెచ్చి మంచం కింద పడేసిన సంచిని అక్క ఒకరోజు విప్పింది. మరకలతో అట్టకట్టిన ప్యాంటు జేబులో పసుపు బిళ్ళ తగిలించిన తాళంచెవి దొరికింది. మరిచిపోయానన్న తాళంచెవి.

ఇవాళ పొద్దున్నే తనిఖీ అధికారి గోదాముకి వచ్చింది. ప్రమాదం గురించి చివరిసారిగా విచారించి, సంతకం పెట్టి వెళ్ళిపోతుందట. ఆమెని ఒక్క మాట అడగాలని అక్క గట్టిగా అనుకుంది. కానీ పరాయి మనిషిని అడిగే ముందు తోడబుట్టినవాణ్ణి అడగడం ధర్మం అనిపించింది. యంత్రాల మాట వాడికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

అలా వచ్చింది బోనులోకి.

లోపల ఏనుగు తల వంచుకుని నిలబడి ఉంది. ఆగినప్పుడు అదెప్పుడూ అలాగే, తొండం నేలకి ఆనించి, పంతులుగారి ముందు తప్పు ఒప్పుకోని పిల్లాడిలా ఉంటుంది. ఎక్కడో సబ్బుపొడి పెట్టె పగిలినట్టుంది, నేలంతా పొడి, సబ్బువాసన. పైకప్పు అద్దాల్లోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ ఇనప వల మీద పడి, నేల మీద గళ్ళు గళ్ళుగా పరుచుకుంది. అక్క చేతుల మీద, తమ్ముడి ముఖం మీద కూడా అవే గళ్ళు.

తమ్ముడు గోడపెట్టెలోంచి తీసిన తాళంచెవి జేబులో వేసుకుంటూ ఆమెను మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ ఖాళీ ప్యాలెట్లు ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటికీ వలకీ మధ్య ఇద్దరు ఒదిగి నిలబడేంత సందు ఉంది. పైనున్న కెమెరా చూపు ఆ సందులో పడదు. రోజంతా ఆ కెమెరా బొమ్మల ముందు కూర్చునేది తనే కాబట్టి తమ్ముడికి ఆ సంగతి బాగా తెలుసు.

"చెప్పరా" అంది అక్క. జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "ఇది మీ బావ జేబులో ఉంది. ఇది జేబులో ఉంటే ఏనుగు ఎలా కదిలింది?"

తమ్ముడు దాని వంక చూడలేదు. చెయ్యి చాచి, "ఇలా ఇవ్వక్కా" అన్నాడు.

ఆమె పిడికిలి బిగించింది. "ముందు జవాబు."

"యంత్రం కదా. ఒక్కోసారి లోపలి కంప్యూటర్ తప్పు చేస్తుంది. ఎవరి చేతిలోనూ ఉండదు."

"మరి ఆయన మరిచిపోయానని ఎందుకు చెప్పాడు?"

"మందుల మత్తులో ఏదో అని ఉంటాడు."

"మత్తు దిగి ఎన్నాళ్ళయిందిరా? ఇప్పటికీ అదే మాట చెప్తున్నాడు."

అక్క అతన్ని తేరిపార చూసింది. తల్లి పోయినప్పుడు వాడికి ఇంకా పళ్ళు ఊడే వయసు. స్నానం చేయించి, తల దువ్వి, చెయ్యి పట్టుకుని బడికి దింపింది తనే. బడి నుంచి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే వాగుడు. ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరి పలక పగిలిందో, పంతులుగారి కళ్ళజోడు ఎక్కడ పోయిందో, అన్నీ ఇంటి గుమ్మం చేరేలోపు కక్కెయ్యాల్సిందే.

"నోట్లో నువ్వుగింజ నానదని నిన్ను చిన్నప్పుడు తిట్టేదాన్ని" అంది. "ఇప్పుడు బండరాయిని నానబెట్టుకుని కూర్చున్నట్టున్నావు. ఉమ్మెయ్యి."

"ఏం లేదక్కా."

"సరే. నీకు తెలియకపోతే ఆ అధికారమ్మనే అడుగుతాను. పద, తలుపు తియ్యి."

తమ్ముడు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

అక్క అతన్ని దాటుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. పిడి వంచింది. తలుపు కొంచెం కదిలి ఆగింది. అవతలి నుంచి ఏదో పట్టేసినట్టు. మళ్ళీ తోసింది. ఇనుము ఇనుముకి కొట్టుకుని ఠంగుమంది, అంతే.

"ఇది రావట్లేదేం?"

"రాదు" అన్నాడు తమ్ముడు, వెనక నుంచి, నేలవంక చూస్తూ. "బయట గడియ వేయించాను."

అక్క వెనక్కి తిరిగింది.

"వేయించావా?"

"కాపలా బాబాయితో చెప్పాను. నేను పిలిచేదాకా తియ్యొద్దన్నాను."

"నన్ను లోపల పెట్టి గడియ వేయించావా?"

"ఆవిడ వెళ్ళిపోయేదాకా అక్కా. భోజనాల వేళకల్లా వెళ్ళిపోతుంది. కాసేపు. ఇక్కడ కూర్చుని మాట్లాడుకుందాం."

అక్కకి ముందు కోపం రాలేదు. తలుపు వదిలేసి వలకి ముఖం ఆనించి, "బాబాయ్!" అని అరిచింది. "ఓ బాబాయ్! ఎవరండీ అక్కడ!" అవతల రోలర్ల మీద పెట్టెలు దొర్లిపోతున్నాయి. వెనక్కి వచ్చే బండ్లు కుయ్ కుయ్‌మంటున్నాయి. పక్క బోనులో ఏనుగు రబ్బరు మూతులతో ఉస్సుమని గాలి పీలుస్తోంది. ఆ రొదలో ఆమె గొంతు నీళ్ళలో పడ్డ ఉప్పుకల్లులా కరిగిపోయింది. కాపలా బాబాయి కనుచూపు మేరలో లేడు. అధికారి వచ్చినప్పుడు ముందు గేటు దగ్గర సలాం కొట్టడానికి మీసాలున్న మనిషి కావాలి కదా, అటు వెళ్ళి ఉంటాడు.

"ఎవరు చెప్పార్రా నీకు? నవ్వుల సారా?"

గోదాము మేనేజరుని అందరూ నవ్వుల సారు అంటారు. పనిలోకి తీసుకున్నప్పుడు నవ్వుతాడు, పనిలోంచి తీసేసినప్పుడూ నవ్వుతాడు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

"మీ అక్కని కాసేపు ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టు, పాపం మనసు బాలేదు అన్నాడు. ఎక్కడ అని చెప్పలేదు. ఆయన ఎప్పుడూ చెప్పడు కదా. బోను నా ఆలోచనే."

ఈసారి కోపం వచ్చింది. వచ్చిన కోపం చేతిలోకి దిగింది. గూబ మీద ఒక్కటి ఇచ్చింది. పెళ్ళయి, ఒక బిడ్డకి తండ్రయిన మనిషి, బడిపిల్లాడిలా చెంప పట్టుకుని నిలబడిపోయాడు.

"కొట్టు. ఇంకా కొట్టు" అన్నాడు. "కానీ ఆ కీ మాత్రం ఆవిడకి చూపించకు. నీకు దణ్ణం పెడతాను."

"చూపిస్తే ఏమవుతుంది?"

"అడుగుతారు."

"ఏమని?"

"కీ మనిషి జేబులో ఉండగా యంత్రాన్ని ఎవరు నడిపారని అడుగుతారు."

"ఎవరు నడిపారు?"

తమ్ముడు మళ్ళీ ఆ సందులోకి వెళ్ళి, ఖాళీ ప్యాలెట్లకి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలుండదంటారు. ఇన్నాళ్ళూ అరవని అరుపు ఒక్కసారి గొంతు దాకా వచ్చినట్టు అతని మెడనరాలు ఉబ్బాయి.

"నేనే అక్కా."

అక్క పిడికిలి విప్పి తాళంచెవి వంక చూసింది.

"రెండో కీ ఉంది" అన్నాడు. "యంత్రాల గదిలో, నా బల్ల సొరుగులో. ఎవరు చేయించారో తెలియదు. నేను చేరేసరికే ఉంది. ఎవరైనా బోనులోకి వెళ్ళి కీ తీసుకుంటే ఏనుగు ఆగిపోతుంది కదా. ఏనుగు ఆగితే వెనక పెట్టెలు మోసుకొచ్చే పట్టా ఆగుతుంది. పట్టా ఆగితే లారీలు ఆగుతాయి. అప్పుడు నవ్వుల సారు వచ్చి వెనక నిలబడతాడు. తిట్టడు. నవ్వుతూ నిలబడతాడు. బండ్లు ఆగకూడదమ్మా, చూసుకోండి అంటాడు. చూసుకోవడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. గదిలో నా బల్లకీ ఒక తాళం రంధ్రం ఉంది. అందులో రెండో కీ పెట్టేస్తే, లోపల మనిషి ఉన్నా యంత్రం నడుస్తుంది. లోపలున్నవాడు వలకి అతుక్కుని నిలబడి, తొండం అటు వెళ్ళినప్పుడు ఇటు పని చేసుకుంటాడు. అందరం అలాగే చేసేవాళ్ళం. బావ కూడా."

"ఆయన కూడానా?"

"బావ అందరికంటే బాగా చేసేవాడు. ఆ రోజు నేను ఆపే ఉంచాను అక్కా, ఒట్టు. బావే మైకులో అరిచాడు. పెట్టరా, లారీవాళ్ళు తిట్టుకుంటున్నారు, నాకు రెండు నిమిషాల పని అన్నాడు. నేను పెట్టాను. తిప్పాను. తెర మీద చూస్తున్నాను. వంకరగా ఉన్న పెట్టె జారింది, బావ పట్టుకోబోయాడు. అదే అడుగు తప్పు. ఆపేలోపు..."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చేతి సందుల్లోంచి మాటలు వస్తున్నాయి.

"అంబులెన్సులో నేనే పక్కన కూర్చున్నాను. స్పృహ లేదనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. ఒరేయ్, నేను కీ మరిచిపోయాను, అర్థమైందా అన్నాడు. లేదు బావా అన్నాను. నోర్ముయ్, మరిచిపోయాను. మీ అక్క కుంటి మొగుణ్ణి భరిస్తుంది, జైల్లో ఉన్న తమ్ముణ్ణి భరించలేదు అన్నాడు. ఆ తర్వాత స్పృహ పోయింది. నేను తిరిగొచ్చేసరికి గోడపెట్టెలో ఇంకో కీ ఉంది, ఎవరు పెట్టారో నేను అడగలేదు. ఆయన కాలిచ్చి నన్ను కొనుక్కున్నాడక్కా. ఆ కొన్నది ఇప్పుడు నువ్వు పారేస్తానంటున్నావు."

పక్క బోనులో ఏనుగు ఒక పెట్టె దించి ఇంకో పెట్టె ఎత్తుకుంది. అక్క నెమ్మదిగా వచ్చి, అతని పక్కన వల పట్టుకుని కూర్చుంది. కింద సబ్బుపొడి గరగరలాడింది.

ఆమెకి భర్త కాలు గుర్తుకు రాలేదు. తన నోరు గుర్తుకొచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొత్తలో, ఒళ్ళు అలిసిపోయి, మనసు విరిగిపోయి, ఒకరోజు అంది: "గొడుగు మరిచిపోయి ఇంటికొచ్చిన మనుషుల్ని చూశాను గానీ, కాలు మరిచిపోయి వచ్చిన మనిషిని నిన్నే చూస్తున్నాను." ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఈ మనిషికి సిగ్గు కూడా లేదనుకుంది. తర్వాత అది అలవాటైపోయింది. మందు వేసుకున్నావా, లేక కీలాగే మరిచిపోయావా. తలుపు వేశావా, లేక కీలాగే మరిచిపోయావా. వచ్చిపోయే చుట్టాల ముందు కూడా. ఒక్కసారైనా ఆయన ఎదురు చెప్పలేదు. "నాది మతిమరుపు జన్మలే" అనేవాడు, చంకకర్ర సర్దుకుంటూ.

ఇంట్లో మనిషి అంత బరువు మోస్తుంటే, తను దాని మీద రోజుకో రాయి పేర్చింది.

"నన్నెందుకురా ఇలా చేశారు ఇద్దరూ కలిసి" అంది. "ఇద్దరికీ అన్నం పెట్టే చెయ్యి ఇదే కదా. ఈ చేతికే తెలియకూడదా?"

తమ్ముడు ఆమె మోకాళ్ళ మీద చెయ్యి వేశాడు. ఆమె తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"చెప్పాలని చాలాసార్లు వచ్చానక్కా. వీధి మలుపు దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి. నువ్వు బావని అలా అంటుంటే నాకు పేగులు తెగేవి. ఒకసారి నీ ముందే చెప్పబోయాను. బావ కర్రతో నా కాలు తొక్కాడు."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అక్కకి ఆ క్షణంలో తెలిసింది. నోరు విప్పితే తమ్ముడు పోతాడు. వాడి వెనక వాడి భార్య, అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న వాడి కూతురు. విప్పకపోతే ఇంట్లో మనిషి చచ్చేదాకా చెయ్యని తప్పు మోస్తూనే ఉంటాడు. ఇప్పుడు ఇనప తలుపు ఎవరైనా బార్లా తీసి రమ్మన్నా ఎటు నడవాలో ఆమెకి తెలియదు.

తల ఎత్తింది. ఆమె మనసులో ఇంకో ప్రశ్న పుట్టింది. అది మిగతావాటికంటే చిన్నది, కానీ చలిగాలిలా వెన్నులోకి దూరింది.

"ఆ రెండో కీ ఇప్పుడెక్కడుంది?"

"సొరుగులోనే."

"ఇంకానా?"

తమ్ముడు నేల మీది సబ్బుపొడిని వేలితో గీశాడు.

"ఒక మనిషి కాలు పోయాక కూడా దాన్ని వాడుతున్నారా?"

"నేను వాడట్లేదక్కా. ఆ రోజు నుంచి నా చేత్తో ముట్టుకోలేదు."

"నువ్వు వాడట్లేదు. మరి పక్కవాడు?"

"నేను సెలవు పెట్టిన రోజుల్లో మా జోడీ వాడు చూసుకుంటాడు. వాడికి..." తమ్ముడు ఆగాడు. "వాడికి నేనే నేర్పాను. ప్రమాదానికి ముందు. లైను ఆగితే అడగక్కర్లేదు, పెట్టి తిప్పెయ్యి అని."

"ఇప్పుడు ఆ గదిలో ఎవరున్నారు?"

తమ్ముడు గబుక్కున లేచాడు, అక్కా లేచింది.

వాళ్ళిద్దరూ ఒకేసారి వలలోంచి బయటికి చూశారు. దూరంగా పసుపు గీతల బాటలో జనం గుంపుగా వస్తున్నారు. మధ్యలో తెల్ల టోపీ పెట్టుకున్న తనిఖీ అధికారి, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తోంది. పక్కన నవ్వుల సారు. ఆయన చెయ్యి చాచి పక్క బోనుల్ని చూపిస్తున్నాడు. పెట్టెలు ఎలా ఎగురుతున్నాయో, ఎలా దిగుతున్నాయో వర్ణిస్తున్నట్టున్నాడు. చూపుడువేలు ఒక్కొక్క బోను మీదుగా జరుగుతూ వచ్చి, అక్కాతమ్ముళ్ళున్న బోను దగ్గర ఆగింది. కదలకుండా తల వంచుకున్న ఏనుగుని చూసి ఆయన నవ్వు కొంచెం తగ్గింది. భుజానికి తగిలించుకున్న మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

అక్కడ ఏం మాట్లాడాడో వినపడలేదు. వినపడాల్సిన అవసరమూ లేకపోయింది.

బోను పైన పసుపు దీపం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. రోలర్లు ఒకటి తర్వాత ఒకటి మేలుకున్నాయి. ఏనుగు ఉస్సుమని గాలి పీల్చి, నేల మీంచి తల ఎత్తింది.

తమ్ముడు జేబులో చెయ్యి పెట్టి తన తాళంచెవి తీసి చూసుకున్నాడు. అది అతని చేతిలోనే ఉంది. అక్కది అక్క చేతిలోనే ఉంది.

"పెట్టేశాడు" అన్నాడు.

"ఏయ్! ఆపండి!" అక్క ప్యాలెట్ల వెనక నుంచి బయటికి రాబోయింది. తమ్ముడు ఆమె భుజాలు పట్టుకుని వలకి అదిమాడు.

"కదలకు. వీపు వలకి ఆనించి నిలబడు. చేతులు దగ్గరికి పెట్టుకో. ఈ మూల దాకా రాదు, రోజూ ఇలాగే నిలబడేవాళ్ళం. కాసేపు చూపించి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆపేస్తాడు."

"మన పక్కన ఖాళీ ప్యాలెట్లున్నాయి కదరా. కొత్తగా పేర్చాలంటే ముందు ఖాళీది తీసుకోవద్దా అది?"

తమ్ముడు మెడ తిప్పి ప్యాలెట్ల దొంతర వంక చూశాడు. అతని ముఖంలో రక్తం దిగిపోయింది. ఏనుగు నడుము మీద తిరుగుతోంది. ముందు పట్టా వైపు, తర్వాత స్తంభం వైపు, తర్వాత మూల వైపు. ఎవర్నో వెతుక్కుంటున్నట్టు లేదు. పొయ్యి మీద గిన్నె దించబోయే మనిషికున్నంత తాపీ.

స్తంభానికి ఎర్ర బొత్తాం ఉంది. అరచెయ్యంత వెడల్పు. పనిలో చేరిన మొదటిరోజు అందరికీ నేర్పే పాఠం అది ఒక్కటే: ఏం జరిగినా అది గుద్దు, సైరన్ మోగుతుంది, గోదాము మొత్తం ఆగుతుంది. సందులోంచి బయటికి దూకి రెండంగలు వేస్తే చాలు.

అక్క చూపు ఎటు పోయిందో తమ్ముడు గమనించాడు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దక్కా."

"వదులు."

"సైరన్ మోగితే ఆవిడ ఇటే చూస్తుంది. ఇద్దరు మనుషులు లోపల, చేతుల్లో కీలు, యంత్రం నడుస్తోంది. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అంతా ఒక్క చూపులో తెలిసిపోతుంది. రేపే నన్ను తీసుకెళ్తారు. అక్కా, కిందకి వంగితే తప్పించుకోవచ్చు, నేను చెప్తాను ఎప్పుడు వంగాలో, నా బతుకు..."

"నువ్వు బతికుంటే కదరా బతుకు!"

ఆ మాట ఆమె అరవలేదు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు చెయ్యి విడిపించుకుని పరుగెత్తబోయినవాణ్ణి వెనక్కి లాగి అనే మాటలా అంది. అన్న వెంటనే, ఇంతసేపూ రెండు వైపులా నలిగిపోయిన ఆమె మనసు ఒక్కసారి కుదురుకుంది. ఏది న్యాయమో తేల్చుకునేంత వ్యవధి లేదు. రాబోయేది ఇంకో కాలు, లేకపోతే ఇంకో తల. జైలంటే మనిషి ఏదో ఒకరోజు తిరిగొస్తాడు. భర్తకి ఈ లెక్క తెలియలేదు. తనకి తెలుస్తోంది.

తమ్ముడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. తొండం పక్కకి తిరిగిన సమయం చూసి, సందులోంచి దూకి, స్తంభం దగ్గరికి పరుగెత్తింది. సబ్బుపొడిలో కాలు జారింది. స్తంభాన్ని కౌగిలించుకుని నిలదొక్కుకుంది. అరచెయ్యి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి ఎర్ర బొత్తాం మీద గుద్దింది.

బొత్తాం లోపలికి వెళ్ళింది. లోపలే ఉండిపోయింది.

సైరన్ మోగలేదు. పసుపు దీపం తిరుగుతూనే ఉంది. రోలర్లు దొర్లుతూనే ఉన్నాయి. బయట తెల్ల టోపీ ఆవిడ నవ్వుల సారు చెప్పేది వింటూ తల ఊపుతోంది.

అక్క మళ్ళీ గుద్దింది. మళ్ళీ.

"తమ్ముడూ, ఇది పనిచెయ్యట్లేదురా!"

అతను సందులోంచి తల బయటపెట్టి స్తంభం వెనక్కి చూశాడు. బొత్తాం నుంచి కిందికి రావాల్సిన తీగ జానెడు దూరంలో శుభ్రంగా తెగి, కొస మీద నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు సంగతి అతనికి తెలియదు. యంత్రాల గదిలో ఇన్నాళ్ళు కూర్చున్నవాడికి కూడా తెలియదు. తన సొరుగులో రెండో కీ పెట్టినవాళ్ళు తనకి చెప్పకుండా ఇంకా ఏమేం చేశారో అతనికి తట్టడం మొదలైంది. బావ కాలు నలిగిన రోజున, తెర మీద చూస్తూ "ఆపు, ఆపు" అని తన బల్ల మీది ఎర్ర బొత్తాన్ని ఎన్నిసార్లు గుద్దాడో, ఆ గుద్దిన బొత్తానికి అసలు తీగ ఉందో లేదో...

"అక్కా, వంగు!" అని కేక పెట్టాడు.

ఏనుగు తొండం స్తంభం వైపు తిరిగింది.